పార్సిల్ డెలివరీ పని తీరుగా సాగాలంటే: హబ్ నుంచి లెక్క అప్పగింత దాకా

"డెబ్బై పార్సిళ్లు ఇచ్చారు, చీకటి పడినా ఇరవై మిగిలాయి. తప్పు ఎక్కడ జరుగుతోంది?" బైకు మీద ఇంటింటికీ పార్సిళ్లు చేరవేసే పనిలో కొత్తగా చేరినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చాలామంది జవాబును రోడ్డు మీద వెతుకుతారు. ట్రాఫిక్ అంటారు, వాన అంటారు, ఫోను ఎత్తని కస్టమర్లు అంటారు. అవన్నీ నిజమే. కానీ ఒకే ఏరియాలో, ఒకే రోజు, ఒకరు సాయంత్రం ఆరుకే ముగించుకుని మరొకరు తొమ్మిదింటికి తిరుగుతున్నారంటే తేడా రోడ్డులో లేదు. బండి తీయకముందు హబ్‌లో, అంటే పార్సిళ్లు పంచి ఇచ్చే గోదాములో, గడిపే ముప్పావు గంటలో ఉంది. అందుకే ఆ ముప్పావు గంట గురించి ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

ఉదాహరణలు హైదరాబాదువి. విజయవాడలోనో వరంగల్‌లోనో పని చేసేవాళ్లు కాలనీల పేర్లు మార్చుకుని చదువుకోవచ్చు.

## 1. ముందు రాత్రే చూసుకోవలసినవి

పొద్దున హబ్‌కు వెళ్లే తొందరలో ఇవి గుర్తుకు రావు. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు చాలు.

- ఫోను నిండా చార్జింగ్, పవర్ బ్యాంకు, రెండు కేబుళ్లు (ఒకటి ఎప్పుడూ సమయానికి పాడవుతుంది)
- పది, ఇరవై, యాభై నోట్లలో కనీసం ఐదు వందల రూపాయల చిల్లర
- లావు మార్కర్ పెన్ను, రబ్బరు బ్యాండ్లు, ఒక టేపు చుట్ట
- రెయిన్‌కోటు, పార్సిళ్లు కప్పడానికి పెద్ద పాలిథీన్ కవర్లు రెండు
- లీటరు నీళ్ల సీసా
- లైసెన్సు, ఆర్సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్

చివరిదాని గురించి ఒక మాట. డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో చూపించే కాగితాలు అసలు కాగితాలతో సమానంగా చెల్లుతాయి. ఫోను గ్యాలరీలో దాచుకున్న ఫోటోలు చెల్లవు. వెంటనే ఆ యాప్‌లలోకి ఎక్కించుకోండి.

బండి విషయంలో మూడు చూడాలి: గాలి, చైను, బ్రేకులు. బ్యాగు బరువంతా వెనక చక్రం మీద పడుతుంది కాబట్టి వెనక టైరులో ఒక్కరే వెళ్లేటప్పుడు పెట్టే గాలి చాలదు. బండి మీద అంటించిన స్టిక్కరులో వెనక మనిషి కూర్చున్నప్పుడు ఎంత ఉండాలో ఇచ్చిన అంకె ఉంటుంది, దాన్ని పాటించండి. గాలి పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. చైనుకు సుమారు 500 కిలోమీటర్లకోసారి నూనె పెట్టాలి.

బీమా కాగితాన్ని ఒకసారి కూర్చుని చదవండి. సొంత వాడకానికి ఇచ్చే బైకు పాలసీల్లో సాధారణంగా సరుకు రవాణాకు వాడితే వర్తించదన్న షరతు ఉంటుంది. ప్రమాదం జరిగాక అది తెలిస్తే చేయగలిగింది తక్కువ. డెలివరీ పనికి వాడుతున్నానని ఏజెంటుకు చెప్పి, దానికి తగిన పాలసీ అడిగి తీసుకోండి. మీరు పని చేసే సంస్థ ప్రమాద బీమా ఇస్తుంటే దాని నంబరు, ఫోను చేయవలసిన చోటు ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి.

## 2. హబ్‌లో లోడ్ తీసుకునేటప్పుడు

పార్సిల్ మీ పేరు మీద స్కాన్ అయిన క్షణం నుంచి దాని బాధ్యత మీదే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే తొందరపడి గుత్తగా తీసుకోరు.

- తెర మీద కనిపించే సంఖ్యను నమ్మకండి. ఒక్కొక్కటి చేత్తో లెక్కపెట్టి, స్కాన్ చేసి తీసుకోండి.
- మూలలు నలిగినవి, తడిసినవి, టేపు మీద టేపు వేసినవి పక్కన పెట్టండి. ఊపితే లోపల విరిగిన చప్పుడు వచ్చినవి కూడా.
- అలాంటివాటిని లేబులు కనిపించేలా ఫోటో తీసి, హబ్ ఇన్‌చార్జికి చూపించి, హబ్ గ్రూపులో పెట్టాకే నిర్ణయం తీసుకోండి.
- మీ ఏరియా కానివి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. "దారిలోనేగా, ఇచ్చేస్తాను" అనుకుంటే అరగంట పోయినట్టే.
- బైకు మీద పట్టని పెద్ద పెట్టెలను అప్పుడే కాదనండి. బ్యాగు బయటికి వేలాడే పెట్టెతో ఫ్లైఓవరు ఎక్కడం ప్రాణాలతో చెలగాటం.

మొబైల్ ఫోన్లు, బంగారు పూత నగలు, వాచీలు లాంటి ఖరీదైనవి ఎన్ని ఉన్నాయో విడిగా లెక్క రాసుకోండి. అవి పెద్ద బ్యాగులో వేయకూడదు. ఛాతీకి తగిలించుకునే చిన్న సంచిలో ఉండాలి.

## 3. సర్దడం: రోజంతా ఆధారపడేది దీని మీదే

యాప్ చూపించిన వరుసలోనే వెళ్లిపోవడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఆ వరుస కస్టమర్ మ్యాపులో పెట్టిన గుర్తును, అంటే పిన్‌ను, బట్టి వస్తుంది. కస్టమర్ ఆర్డర్ చేసేటప్పుడు ఆఫీసులో కూర్చుని ఉంటే పిన్ ఆఫీసు దగ్గర పడుతుంది, ఇల్లు మరో చోట ఉంటుంది. పిన్‌ను, రాసిన అడ్రసును పోల్చి చూసేది మీ కళ్లే.

మొదటి మెట్టు: నేల మీద కుప్పలు పోయండి. కాలనీకి ఒక కుప్ప. మెయిన్ రోడ్డుకు ఇటు ఒకటి, అటు ఒకటి. డివైడర్ ఉన్న రోడ్డు దాటాలంటే యూటర్న్ కోసం కిలోమీటరు పైగా వెళ్లాల్సి వస్తుంది కాబట్టి రోడ్డుకు రెండు వైపులా ఉన్నవాటిని ఎప్పుడూ ఒకే కుప్పలో కలపకండి.

రెండో మెట్టు: కుప్పలకు వేళలు పెట్టండి. ఆఫీసులు, బ్యాంకులు, ఆసుపత్రులు భోజన విరామానికి ముందు. దుకాణాలు పదకొండు దాటాక, అప్పటికి షట్టర్లు లేస్తాయి. ఉద్యోగాలు చేసే జంటలు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లు సాయంత్రానికి. పెద్దవాళ్లుండే పాత కాలనీల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కునుకు తీస్తారు, ఆ వేళ బెల్లు కొట్టకపోవడం మర్యాదా, లాభమూ.

మూడో మెట్టు: ప్రతి పార్సిల్ మీద మార్కర్‌తో పెద్దగా వరుస నంబరు వేయండి. డబ్బు వసూలు చేయాల్సినదైతే పక్కనే మొత్తం, ఓటీపీ ఉంటే ఒక చుక్క. ఉదాహరణకు "17 – 649" అని కనిపిస్తే అది పదిహేడో ఇల్లు, 649 రూపాయలు తీసుకోవాలి. గేటు ముందు నిలబడి, ఎండలో ఫోను తెర కనిపించక, బ్యాగంతా తిరగేసే బాధ దీనితో పోతుంది. లేబులు మీద, బార్‌కోడ్ మీద మాత్రం రాయకండి. కస్టమర్ తిప్పి పంపే అవకాశం ఉన్న ఖరీదైన పెట్టెల మీద కూడా నేరుగా రాయకుండా చిన్న కాగితం అంటించండి.

నాలుగో మెట్టు: బ్యాగులో వేయడం. ఇక్కడే ఒక చిక్కు ఉంది. చివర ఇవ్వాల్సినవి అడుగున ఉండాలి, బరువైనవీ అడుగునే ఉండాలి. బరువైనది మొదటి ఇంటిదైతే? దానికి నేను చెప్పే దారి ఒకటే: బరువైనవి బ్యాగులోకే వెళ్లకూడదు. స్కూటరైతే కాళ్ల దగ్గర, బైకైతే వెనక సీటు మీద తాడుతో కట్టి, వరుస కాస్త మారినా సరే వాటిని మొదటి రెండు కుప్పల్లోనే వదిలించుకోండి. ఐదు లీటర్ల నూనె డబ్బానో కుక్కర్ పెట్టెనో మధ్యాహ్నం దాకా మోస్తే నడుము చెబుతుంది.

భుజాలకు తగిలించుకునే బ్యాగు వాడేవాళ్లు దాని అడుగు భాగం సీటు మీద ఆనేలా పట్టీలు వదులు చేసుకోవాలి. బరువు సీటు మోయాలి, భుజాలు బ్యాగును కదలకుండా పట్టుకుంటే చాలు.

## 4. ఫోన్లు ఎప్పుడు, ఎలా చేయాలి

హబ్‌లో కూర్చుని అందరికీ ఒకేసారి ఫోన్లు చేయకండి. పదింటికి "ఉంటాను" అన్న మనిషి మూడింటికి ఉండడు. ఒక కుప్ప ముగుస్తుండగా తర్వాతి కుప్పలో ఉన్నవాళ్లకు చేయండి. అందరికీ చేయక్కర్లేదు: డబ్బు ఇవ్వాల్సినవాళ్లు, ఓటీపీ ఉన్నవాళ్లు, అడ్రసు సగమే ఉన్నవాళ్లు.

మాట ఇలా ఉంటే చాలు: "నమస్తే అండి, పార్సిల్ డెలివరీ కోసం చేస్తున్నాను. మీ పేరు మీద పార్సిల్ ఉంది, 649 రూపాయలు ఇవ్వాలి. ఇరవై నిమిషాల్లో వస్తాను. ఇంట్లో ఎవరైనా ఉంటారా అండి?"

అడ్రసు తెలియకపోతే "ఇల్లు ఎక్కడండి?" అని అడగకండి. అవతలివాళ్లు ఊరంతా వర్ణిస్తారు. "మెయిన్ రోడ్డు మీద ఏ షాపు పక్కన లోపలికి తిరగాలండి? తిరిగాక కుడి వైపా, ఎడమ వైపా? గేటు రంగు ఏమిటి?" అని అడగండి. ఈ మూడింటికి జవాబు వస్తే ఇల్లు దొరుకుతుంది. అప్పటికీ తేలకపోతే లైవ్ లొకేషన్ అడగండి.

నడుపుతూ మాట్లాడకండి. హెల్మెట్ సందులో ఫోను దూర్చుకుని వెళ్లే అలవాటు చాలామందికి ఉంది, అది ప్రాణానికే ముప్పు. పక్కకు ఆపి మాట్లాడితే పోయేది నిమిషమే.

## 5. హైదరాబాదు అడ్రసును విడదీసి చదవడం

12-5-67/3/ఎ అనే ఇంటి నంబరు ఉందనుకుందాం. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఏటవాలు గీత (/) తర్వాత వచ్చేవి ఆ స్థలం భాగాలుగా విడిపోయినప్పుడో కొత్తగా కట్టినప్పుడో చేరిన నంబర్లు. కాబట్టి సందులో 12-5 తో మొదలయ్యే నంబర్లు కనిపిస్తుంటే సరైన చోటుకే వచ్చారు. 12-6 కనిపిస్తే బ్లాకు దాటిపోయారు. 67 పక్కన 68 ఉంటుందని మాత్రం ఆశపడకండి, కట్టిన కాలాన్ని బట్టి నంబర్లు చెల్లాచెదురుగా ఉంటాయి.

ఎక్కువగా తడబడే చోట్లు ఇవి:

- ప్లాట్ నంబరు, ఫ్లాట్ నంబరు. ఫోనులో రెండూ ఒకేలా వినిపిస్తాయి. "అపార్ట్‌మెంటా అండి, సొంత ఇల్లా?" అని అడిగితే తేలిపోతుంది.
- ప్లాట్ నంబరు లేఅవుట్ వేసినవాళ్లు ఇచ్చింది, ఇంటి నంబరు మున్సిపాలిటీ ఇచ్చింది. గేటు మీద ఒకటే రాసి ఉంటుంది, లేబులు మీద మరొకటి ఉంటుంది.
- గాంధీ నగర్, శ్రీనివాస కాలనీ లాంటి పేర్లు నగరంలో ఒకటికి మించి ఉన్నాయి. పేరు కంటే ముందు పిన్‌కోడ్ చూడండి.
- పిల్లర్ నంబర్లు. మెట్రో దారిలోనూ, అత్తాపూర్ మీదుగా వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కిందా పిల్లర్ నంబరు చెబితే అంతకంటే కచ్చితమైన గుర్తు లేదు. ఏ దారి పిల్లరో అడగడం మరచిపోవద్దు.

ఒకసారి కష్టపడి పట్టుకున్న ఇంటిని మ్యాపులో సేవ్ చేసుకోండి. కస్టమర్ పేరు, ఫోను నంబరు పెట్టకుండా ఇంటి నంబరు, గేటు గుర్తు మాత్రమే రాసుకోండి. కొన్ని నెలలకు మీ ఏరియా మ్యాపు మీ చేతిలో ఉంటుంది. కొత్తవాళ్లు వస్తే వాళ్లకూ ఇవ్వండి.

## 6. గేటు దగ్గర, తలుపు దగ్గర

పెద్ద అపార్ట్‌మెంట్లలో గేటు ఎంట్రీకే పది నిమిషాలు పోతాయి. ఒక అపార్ట్‌మెంటుకు ఉన్నవన్నీ ఒకే ఎంట్రీలో తీసుకుని, లిఫ్టులో పై అంతస్తుకు వెళ్లి, మెట్ల మీదుగా కిందికి దిగుతూ ఇవ్వండి. వాచ్‌మన్‌ను పేరు పెట్టి పలకరించండి. ఏ ఫ్లాటు వాళ్లు ఊరెళ్లారో ఆయనకే తెలుసు.

పార్సిళ్లున్న బ్యాగును బండి మీద వదిలి లోపలికి వెళ్లకండి. తప్పనప్పుడు వాచ్‌మన్ కంటికి కనిపించే చోట ఉంచి, చెప్పి వెళ్లండి. ఖరీదైనవి ఉన్న ఛాతీ సంచి మాత్రం ఒంటి మీదే ఉండాలి.

ఓటీపీని తలుపు దగ్గరే అడగండి. ముందే ఫోనులో అడిగితే కస్టమర్లు భయపడతారు, వాళ్ల భయం న్యాయమైనదే. డెలివరీ పేరు చెప్పి ఓటీపీ లాగి డబ్బు కొట్టేసే మోసాలు జరుగుతున్నాయి. ఎవరైనా మోసపోయామని మీకు చెబితే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోను చేయమనండి.

తెరిచి చూపించాల్సిన డెలివరీ అయితే టేపు కోయకముందే కస్టమర్‌ను ఎదురుగా నిలబెట్టండి. పెట్టె నాలుగు వైపులా చూపించి, ఆయన ముందే కోసి, వస్తువు బయటికి తీసి, చూశాక ఓటీపీ తీసుకోండి. ఈ వరుస తప్పితే రేపు "ఖాళీ పెట్టె వచ్చింది" అన్నప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

పక్కింట్లోనో సెక్యూరిటీ దగ్గరో ఇవ్వమంటే మాట చాలదు, మెసేజ్ పెట్టమనండి. ఇచ్చినవాళ్ల పేరు రాసుకుని ఫోటో తీయండి.

## 7. డబ్బు

నోట్లు కస్టమర్ ముందే లెక్కపెట్టండి, చిల్లర వాళ్ల చేతిలో పెట్టాకే వాళ్ల నోటు సంచిలో వేయండి. వసూలు డబ్బు, సొంత డబ్బు ఒకే జేబులో ఉండకూడదు. పెట్రోలుకని వసూలు డబ్బులోంచి తీసి, సాయంత్రం పెడదామనుకోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది.

యూపీఐ చెల్లింపులో కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్‌కు విలువ లేదు. మీ డెలివరీ యాప్‌లో "చెల్లింపు అందింది" అని రావాలి. మీ సొంత నంబరుకు వేయించుకోకండి, సంస్థ క్యూఆర్ కోడ్ మాత్రమే చూపించండి. డబ్బు అందుకోవడానికి మీరు పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. "ఈ రిక్వెస్ట్ అంగీకరించండి, డబ్బు వస్తుంది" అంటే అది మోసం.

రెండు వేల నోటు ఇస్తే మర్యాదగా వద్దనండి. అది చెల్లని నోటు కాదు, కానీ 2023 అక్టోబరు 7 తర్వాత మామూలు బ్యాంకు శాఖల్లో తీసుకోవడం లేదు. మార్చుకోవాలంటే రిజర్వు బ్యాంకు కార్యాలయానికో పోస్టు ద్వారానో పోవాలి.

## 8. ఇవ్వలేకపోయిన పార్సిల్

ఇక్కడ నాది గట్టి అభిప్రాయం. వెళ్లకుండా "కస్టమర్ అందుబాటులో లేరు" అని యాప్‌లో కొట్టకండి, పైనుంచి ఎంత ఒత్తిడి ఉన్నా సరే. ఆ మందు కోసమో ఆ పుస్తకం కోసమో ఒకరు ఇంట్లో రోజంతా కూర్చుని ఉంటారు. వాళ్లు ఫిర్యాదు చేస్తే లొకేషన్ రికార్డు మీకు వ్యతిరేకంగానే మాట్లాడుతుంది.

నిజంగా ఇవ్వలేకపోతే వరుస ఇది: గేటు దగ్గర నుంచే రెండుసార్లు ఫోను, ఒక మెసేజ్, తాళం వేసిన తలుపు ఫోటో, ఆ తర్వాత అసలు కారణం. "రేపు రమ్మన్నారు" అంటే ఏ వేళకో కూడా రాయండి. సమయం చాలక మిగిలితే సమయం చాలలేదనే రాయండి. రోజూ అలాగే మిగులుతుంటే లోడ్ ఎక్కువ ఇస్తున్నారని చెప్పడానికి మీ చేతిలో ఉండే రుజువు అదే.

## 9. రిటర్న్ పికప్

రిటర్న్ పికప్ అంటే కస్టమర్ తిప్పి పంపే వస్తువును ఇంటి నుంచి తీసుకురావడం. కస్టమర్ ప్యాక్ చేసి సిద్ధంగా ఉంచిన కవరును అలాగే తీసుకోవడం ఇక్కడ జరిగే తప్పు. విప్పి చూడాలి: రంగు, సైజు, ట్యాగు, ఫోనైతే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), చార్జరు లాంటి విడి సామాన్లు. "మిమ్మల్ని అనుమానించి కాదండి, యాప్‌లో ఫోటో అడుగుతోంది" అని చెబితే ఎవరూ నొచ్చుకోరు. యాప్‌లోని ప్రశ్నలకు సరిపోకపోతే పికప్ తీసుకోకండి.

## 10. ఎండ, వాన, కుక్కలు

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్లు, నీడ ఉన్న చోట్లు వచ్చేలా వరుస మార్చుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా తాగాలి. ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. ఉప్పు వేసిన మజ్జిగా మంచిదే. చెమట ఆగిపోయి, తల తిరిగి, మాట తడబడితే అది వడదెబ్బ. బండి ఆపి నీడకు చేరి, ఒళ్లు తడుపుకుని, 108కు ఫోను చేయండి. పెట్రోలు బంకుల్లో తాగునీరు, మరుగుదొడ్డి, టైర్లలో గాలి ఉచితంగా ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడకండి.

వానలో నీరు నిలిచిన రోడ్డు మీద ముందు వెళ్లే బండి చక్రం ఎంత మునుగుతోందో చూడండి. మూత తీసిన మ్యాన్‌హోలు నీటి కింద కనిపించదు. ముందు ఎవరూ వెళ్లకపోతే మీరూ వెళ్లకండి.

కుక్క వెంటపడితే వేగం పెంచకండి. ఆగి, దాని వైపు తిరిగి, బ్యాగును మధ్యలో అడ్డం పెట్టుకుని మెల్లగా వెనక్కి తగ్గండి. కరిస్తే, చిన్న గాటైనా, పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయకూడదు. అదే రోజు టీకా వేయించుకుని, డాక్టరు చెప్పిన డోసులన్నీ పూర్తి చేయాలి. హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఇందుకు పేరున్న ప్రభుత్వ కేంద్రాలు.

## 11. ప్రమాదం జరిగితే

ముందు మనిషి, తర్వాత పార్సిల్. 112కు ఫోను చేయండి, తర్వాత హబ్‌కు, తర్వాత ఇంటికి. 2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, గరిష్ఠంగా 1.5 లక్షల రూపాయల దాకా నగదు రహిత చికిత్స ఉంది. ఆసుపత్రిలో డబ్బు ముందు కట్టమంటే ఈ పథకం పేరెత్తండి.

అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం నడిపే ఈ-శ్రమ్ పోర్టల్‌లో గిగ్ వర్కర్‌గా (యాప్‌ల ద్వారా పని చేసేవారిగా) నమోదు చేసుకోవడం వాయిదా వేయకండి. సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్లాట్‌ఫామ్ సంస్థలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల నిధికి జమ చేయాలి. ఆ ప్రయోజనాలు మీ దాకా రావాలంటే మీ పేరు నమోదై ఉండాలి. ఆధార్, దానికి అనుసంధానమైన మొబైల్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు దగ్గర పెట్టుకుని కూర్చోండి.

## 12. సాయంత్రం అప్పగింత

- ఇచ్చినవి, మిగిలినవి, రిటర్న్ తెచ్చినవి: మూడూ కలిపితే పొద్దున తీసుకున్న సంఖ్యకు, మధ్యలో చేసిన పికప్‌లకు సరిపోవాలి.
- మిగిలినవాటిని ఒక్కొక్కటిగా స్కాన్ చేసి ఇవ్వండి, బ్యాగు బోర్లించి వెళ్లిపోకండి.
- నగదు, యూపీఐ మొత్తాలు విడివిడిగా చెప్పండి. నగదు లెక్కపెట్టేటప్పుడు అక్కడే ఉండండి.
- నగదు అందినట్టు రసీదో యాప్‌లో ఎంట్రీనో చూసి, స్క్రీన్‌షాట్ తీసుకోండి.
- బ్యాగు అడుగు, డిక్కీ, కాళ్ల దగ్గర సందు ఒకసారి తడిమి చూడండి. చిన్న కవర్లు అక్కడే దాక్కుంటాయి.

తేడా వస్తే "రేపు చూద్దాం" అన్న మాటకు ఒప్పుకోకండి. ఏ పార్సిల్, ఎంత, ఎవరితో మాట్లాడారు అన్నది ఆ రాత్రే హబ్ గ్రూపులో రాసి పెట్టండి. నెలాఖరున జీతంలో కోత పడ్డప్పుడు మీ తరఫున మాట్లాడేది తేదీ, వేళ ఉన్న ఆ నాలుగు లైన్ల మెసేజే.